మర్చిపోయాడా, నటిస్తున్నాడా?

మన సినిమాల్లో జ్ఞాపకం పోవడం చాలా తేలిక. హీరో తలకి దెబ్బ తగులుతుంది. ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచి 'నేనెవర్ని?' అంటాడు. అమ్మ ఏడుస్తుంది, హీరోయిన్ ఏడుస్తుంది. క్లైమాక్స్‌లో అదే చోట ఇంకో దెబ్బ పడగానే అన్నీ గుర్తొచ్చేస్తాయి. కాస్త కొత్తగా ఉంటే 'గజిని'లా పావుగంటకోసారి బుర్ర ఖాళీ అవుతుంది. మన ఇళ్లలో చాలామందికి మెమరీ లాస్ అంటే ఇదే సిలబస్. 2023 ఫిబ్రవరిలో మా పెదనాన్న తలకి నిజంగానే దెబ్బ తగిలింది. అసలు మతిమరుపు సినిమా మతిమరుపులా ఉండదని అప్పుడు తెలిసింది. అలా లేకపోవడం వల్లే ఊళ్లో సగంమంది ఆయన్ని నమ్మలేదు.

పెదనాన్నది నరసరావుపేట దగ్గర పల్లె. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు, మొత్తం మిర్చే. ఫిబ్రవరి 9న గుంటూరు యార్డుకి వెళ్లి, ధర కనుక్కుని, బండి మీద తిరిగొస్తుంటే ఫిరంగిపురం దాటాక వెనక నుంచి కారు గుద్దింది. హెల్మెట్ ఉంది, హ్యాండిల్‌కి తగిలించి ఉంది. తలలో ముందు వైపు, పక్కన రక్తం గడ్డకట్టిందని సీటీలో తేలింది. ఆపరేషన్ అక్కర్లేకుండానే బయటపడ్డాడు. 24 రోజులు ఆస్పత్రిలో ఉన్నాం.

ఆ రోజుల్లో ఆయన మాట్లాడాడు, తిన్నాడు, ఇడ్లీ రాయిలా ఉందని నర్సుతో గొడవ కూడా పెట్టుకున్నాడు. పెదనాన్న మళ్లీ మామూలైపోయాడన్న సంతోషంలో నేను ఆ గొడవని వీడియో తీసి హైదరాబాద్‌లో ఉన్న అక్కకి పంపా. ఇప్పుడు ఆ వీడియో చూపిస్తే ఎవరినో చూసినట్టు చూస్తాడు. ఇంటికొచ్చిన వారం తర్వాత నుంచే ఆయనకి రోజులు రోజుల్లా గుర్తున్నాయి. దెబ్బ తగిలాక జ్ఞాపకాలు మళ్లీ వరసగా మొదలవడానికి ఎంతకాలం పట్టిందన్నది తలగాయం తీవ్రతకి డాక్టర్లు వాడే కొలతల్లో ఒకటట. ఒక రోజు దాటితేనే తీవ్రమైన గాయం కింద లెక్క. మా వాడికి నెల.

వెనక్కి చూస్తే సంక్రాంతి గుర్తుంది. మనవరాలికి భోగిపళ్లు పోసింది గుర్తుంది. జనవరి చివర్నుంచి మాత్రం తెల్లకాగితం. అసలు సమస్య ఆ తెల్లకాగితంలోనే ఉంది. ఫిబ్రవరి 6న పురుగుమందుల కొట్టాయన దగ్గర కోత కూలీల కోసం రెండు లక్షలు చేబదులు తీసుకున్నాడట. క్యాష్. యార్డు నుంచి వచ్చాక నోటు రాసుకుందాం అనుకున్నారట. మూడో రోజు యాక్సిడెంట్.

కొట్టాయన మంచివాడు. రెండు నెలలు నోరెత్తలేదు. ఏప్రిల్‌లో వచ్చి, మంచం పక్కన కూర్చుని, బాగున్నావా అని అడిగి, టీ తాగి, చివరికి విషయం చెప్పాడు. పెదనాన్న ఆయన మొహంలోకి చూసి 'నేనా? ఎప్పుడూ?' అన్నాడు. అంతే. వారం తిరక్కుండా ఊళ్లో ఒకటే మాట. '94లో ఎవరికి ఎన్ని బస్తాలు అప్పిచ్చాడో తేదీలతో సహా చెప్తాడు, మొన్న తీసుకున్న రెండు లక్షలు గుర్తులేవంట. ఇచ్చినయ్యి గుర్తున్నయ్యి, తీసుకున్నయ్యి గుర్తు లేవు. బలే మతిమరుపు!'

వినడానికి చాలా లాజికల్‌గా ఉంది కదా? కానీ తలగాయంలో జరిగేది సరిగ్గా అదే. థియోడ్యూల్ రిబో అనే ఫ్రెంచ్ ఆయన 1881లోనే పుస్తకంలో రాశాడు, మెదడు దెబ్బతిన్నప్పుడు ముందు పోయేవి కొత్త జ్ఞాపకాలు, గట్టిగా నిలబడేవి పాతవి అని. అక్కకి ఫోన్లో ఇది చెప్పడానికి నాకు వాట్సాప్ బ్యాకప్ పనికొచ్చింది. రోజూ తెల్లవారుజామున రెండింటికి బ్యాకప్ అవుతుంది. సాయంత్రం ఫోను బకెట్లో పడితే ఆ రోజు చాట్లు పోతాయి, మూడేళ్ల కిందటివి మాత్రం కొత్త ఫోన్లో హాయిగా తిరిగొస్తాయి. అప్పుడు ఎవరూ 'పాత చాట్లున్నాయి, ఇవాళ్టివి లేవా, నాటకాలు!' అనరు. మెదడులో బ్యాకప్ ఒక్క రాత్రిలో అయిపోదు, రోజులు, నెలలు, ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి పోలిక పూర్తిగా అతకదు. బ్యాకెండ్ డెవలపర్‌ని, ఇంతకంటే మంచిది దొరకలేదు.

పెదనాన్నకి కలిగిన అసలు నష్టం పాతది పోవడం కంటే కొత్తది నిలవకపోవడం. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి సగం ఉంటుంది. దాన్ని దాచడానికి ఆయన పడే పాట్లు దగ్గరుండి చూస్తే తప్ప తెలీవు. ఎవరేం అడిగినా ముందు 'ఆఁ, ఆఁ, గుర్తుంది' అంటాడు. తర్వాత పెద్దమ్మ వైపు చూస్తాడు. ఆవిడ కళ్లతో అవునంటే అవును, కాదంటే కాదు. ఇలా సమాధానం కోసం పక్కనున్న మనిషి వైపు తల తిప్పడాన్ని డాక్టర్లు కూడా గమనిస్తారట. అరచేతిలో బాల్‌పెన్‌తో రాసుకుంటాడు. స్నానం చేస్తే పోతుందని ఒకసారి రెండ్రోజులు స్నానం మానేశాడు, అది వేరే కథ.

ఈ 'ఆఁ ఆఁ'లే కొంప ముంచాయి. కొట్టాయన మేలో మళ్లీ వచ్చి 'బావా, ఆ డబ్బుల సంగతి...' అనగానే మామూలు అలవాటుగా 'ఆఁ, గుర్తుంది' అనేశాడు. జూన్‌లో అడిగితే 'ఏ డబ్బులు?' అన్నాడు. వినేవాడికి ఏమనిపిస్తుంది? మొన్న ఒప్పుకున్నాడు, ఇవాళ ప్లేటు ఫిరాయించాడు అనే కదా. నటించేవాడు ఎప్పుడూ ఒకే మాట మీద ఉండటానికి చూస్తాడు. నిజంగా మర్చిపోయినవాడే సిగ్గుపడి, సర్దుబాటు చేసి, ఇలా రెండు మాటలు చెప్పి దొరికిపోతాడు.

అప్పు నిజమో కాదో తేలింది పెదనాన్న ఫోను వల్ల. యాక్సిడెంట్‌లో స్క్రీన్ పగిలి బీరువాలో పడుంది. జులైలో రిపేరుకిచ్చా. లాక్ ప్యాటర్న్ ఏంటి పెదనాన్నా అంటే చెప్పలేకపోయాడు. కాగితం మీద చుక్కలు పెట్టి గీయమన్నా గీయలేదు. 'నాకేం తెలుసురా' అని విసుక్కున్నాడు. ఫోను చేతిలో పెట్టి టీవీ చూస్తూ ఉండమన్నా. బొటనవేలు దానంతటదే వెళ్లి ప్యాటర్న్ గీసేసింది. అందులో ఆటోమేటిక్ కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉంది. ఫిబ్రవరి 6వ తేదీ రాత్రి 8:12కి కొట్టాయనతో మాట్లాడిన కాల్. 'డబ్బు లెక్కపెట్టుకున్నా, సరిపోయింది. గురువారం యార్డు నుంచి వచ్చాక నోటు రాద్దాం బావా.' పెదనాన్న గొంతే.

ఆయనకి వినిపించా. తల కొంచెం వంచి, పక్కింటి వాళ్ల మాటలు వింటున్నట్టు విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి అయ్యాక 'వింటే నేనేరా. కానీ నాకు రావట్లా' అన్నాడు. కాసేపాగి 'గుర్తు రాకపోతే మాత్రం? నలభై ఏళ్లుగా ఎరుగుదును, వాడు అబద్ధం చెప్పేవాడు కాదు. మిర్చి అమ్మింది ఏమైనా మిగిలితే ముందు వాడికివ్వండి' అన్నాడు. ఆ ఏడాది పంట కోతకి మనిషి లేక సగం చేలోనే రాలింది. కాబట్టి ఒక్కసారిగా ఇవ్వడం కుదర్లేదు. నాన్నా నేనూ కూర్చుని నెలకి పదివేల చొప్పున ఇద్దామని ఒప్పందం చేసుకున్నాం.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. రెండో గొడవ నష్టపరిహారం దగ్గర మొదలైంది.

యాక్సిడెంట్ చేసిన కారుకి ఇన్సూరెన్స్ ఉంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేశాం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల వైపు లాయరు ఒక వీడియో పెట్టాడు. గుంటూరు యార్డులో పెదనాన్న దళారీతో బేరం ఆడుతున్నాడు, మిర్చి చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, 'ఇది తాలు కలిపారు' అని పక్కకి తోసేస్తున్నాడు. బండి నడుపుతున్నాడు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న మనిషి ఇవన్నీ ఎలా చేస్తాడు? నటిస్తున్నాడు. ఇదీ వాదన.

దానికి జవాబు మెదడు శాస్త్రంలో డెబ్బై ఏళ్ల కిందటే ఉంది. అమెరికాలో హెన్రీ మొలెయిసన్ అనే ఆయనకి 1953లో, 27 ఏళ్ల వయసులో మూర్ఛ తగ్గించడానికి సర్జరీ చేసి మెదడులో రెండు వైపులా కొంత భాగం తీసేశారు. అప్పట్నుంచి 2008లో చనిపోయేదాకా ఆయనకి కొత్త విషయం ఏదీ నిలవలేదనే చెప్పాలి. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయనతో ఒక పని చేయించింది. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల మధ్య పెన్సిల్‌తో గీయాలి. మీరూ ప్రయత్నించండి, చేయి ఎటో పోతుంది. ఆయన రోజురోజుకీ బాగా గీశాడు. కానీ ప్రతిసారీ, ఇది తను ఎప్పుడూ చేయలేదనే అనుకున్నాడు. చేతికి వచ్చింది, మనిషికి గుర్తులేదు. మెదడులో జ్ఞాపకం అనేది ఒకే గది కాదు, చాలా గదులు. మిర్చి నలిపి చూడటం, బండి నడపటం, ప్యాటర్న్ గీయటం ఒక గదిలోవి. మొన్న ఎవరితో ఏం మాట్లాడాం అనేది ఇంకో గది. ఒకదాని కప్పు కూలితే రెండోది కూలాలని రూలేం లేదు.

కోర్టుకి ఈ గదుల కథ చెప్తే సరిపోదు, కాగితం కావాలి. పెదనాన్నని పరీక్షల కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రికి పంపారు. అక్కడి క్లినికల్ సైకాలజిస్టు మేడమ్ దగ్గర రెండు పూటలు గడిపాం. ఎవరైనా అబద్ధమాడుతున్నారా అనేది మొహం చూసి చెప్పడం కష్టం అని ఆవిడ మొదట్లోనే అన్నారు. అందుకే మొహం జోలికి పోకుండా పరీక్షలు పెడతారు. అందులో ఒక రకం నాకు తెగ నచ్చింది. ఏ పరీక్ష, ఎన్ని మార్కులు అనేవి రాయొద్దన్నారు. రేపు ఇంకొకరు ముందే చదువుకుని వస్తే పరీక్షే పాడవుతుంది కాబట్టి. సూత్రం మాత్రం ఎప్పట్నుంచో పుస్తకాల్లో ఉన్నదే.

బొమ్మలు వరసగా చూపిస్తారు. తర్వాత రెండేసి బొమ్మలు పెట్టి, ఇందాక చూసింది ఏదో చెప్పమంటారు. చూడ్డానికి కష్టంగా అనిపిస్తుంది, అన్ని బొమ్మలు ఎవరికి గుర్తుంటాయని. నిజానికి చాలా తేలిక. మెదడుకి గట్టి దెబ్బ తగిలినవాళ్లు కూడా ఎక్కువమంది బాగానే చేస్తారు. ఎందుకంటే 'గుర్తు తెచ్చుకుని చెప్పు' అనడం వేరు, 'చూసి గుర్తుపట్టు' అనడం వేరు. రెండోది చాలాసేపు నిలబడుతుంది. నటించేవాడికి ఈ తేడా తెలీదు. కష్టమైన పరీక్ష అనుకుని, మతిమరుపు ఉన్నవాడు ఇందులో తప్పాలి కాబోలు అని కావాలని తప్పులు చేస్తాడు. అసలు రోగులకంటే తక్కువ తెచ్చుకుంటాడు. అంటే ఆ పరీక్ష పట్టుకునేది అతని జ్ఞాపకాన్ని కాదు. మతిమరుపు ఎలా ఉంటుందని అతను ఊహించుకున్నాడో దాన్ని. మళ్లీ సినిమా సిలబసే.

ఇంకో లెక్క ఉంది, అది నా లాంటివాళ్లకి పండగ. ఏమీ గుర్తులేని మనిషి కళ్లు మూసుకుని చెప్పినా, రెండింట్లో ఒకటి కాబట్టి 50 ప్రశ్నలకి దాదాపు 25 కరెక్ట్ అవుతాయి. బొమ్మాబొరుసే కదా. ఇంటికొచ్చి పైథాన్‌లో రెండు లైన్లు రాసి చూశా. ఊరికే ఊహించి చెప్పేవాడికి 18 లేదా అంతకంటే తక్కువ రావడం నూటికి మూడుసార్లు. 15 లోపు రావడం వెయ్యికి మూడుసార్లు. 10 లోపు అయితే ఎనభై వేల చిల్లరకి ఒక్కసారి. మరి ఒకడికి 10 వచ్చాయంటే? అన్ని తప్పులు చేయాలంటే కరెక్ట్ జవాబు తెలిసుండాలి. అంతలా దొరికిపోయేవాళ్లు తక్కువేనట, చాలామంది తెలివిగా మధ్యలో ఆగుతారు. అందుకే ఒక్క పరీక్షతో తేల్చరు, రకరకాలవి పెట్టి, అన్నీ ఒకే కథ చెప్తున్నాయా అని చూస్తారు.

పెదనాన్న ఆ తేలిక బొమ్మల పరీక్షలో బాగా చేశాడు. చిన్న కథ చదివి వినిపించి అరగంట తర్వాత చెప్పమంటే మాత్రం, కథలో మనిషి ఉన్నాడన్నంత వరకే చెప్పగలిగాడు. 'కథ చెప్పారా మీరు?' అని అడిగాడు కూడా. తేలికది బాగా, కష్టమైనది ఘోరంగా. నిజమైన దెబ్బకి ఉండాల్సిన ఆకారం ఇదేనన్నారు మేడమ్.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఇలాంటి పరీక్షల్లో పాతదొకటి ఉంది, ఆంద్రే రే అనే స్విస్ సైకాలజిస్టుది. పదిహేను గుర్తులు కొన్ని సెకన్లు చూపించి, తీసేసి, గీయమంటారు. ఏబీసీడీలు, అంకెలు, రోమన్ అంకెలు, గుండ్రం, చతురస్రం లాంటివి. చదువుకున్నవాళ్లకి అది పదిహేను విషయాలు కాదు, అయిదు వరసలు, కాబట్టి తేలిక. కానీ ఏడో తరగతి తెలుగు మీడియంలో ఆపేసిన మా పెదనాన్నకి రోమన్ అంకెలు గోడ గడియారంలో గీతలు. అసలు బడికే వెళ్లని పెద్దమ్మకి పెడితే, ఏ దెబ్బా తగలకుండానే ఆవిడ 'నటిస్తున్న' మనిషి అయిపోతుంది. చదువు తక్కువైనవాళ్ల విషయంలో ఈ పరీక్ష పొరపాటు పడుతుందని సైకాలజిస్టులే చెప్తారు. మేడమ్ దాన్ని పక్కన పెట్టేశారు. పెట్టకుండా, మార్కులు మాత్రం చూసి సంతకం పెట్టేసేవాళ్లు ఉంటే? ఆ సంతకం మీద ఒక మనిషి పేరు దొంగ అని రాసుంటుంది.

దొంగలూ ఉంటారు, కాదనను. అందరికంటే పెద్ద పేరున్నవాడు రుడాల్ఫ్ హెస్. హిట్లర్ తర్వాతి వరసలోవాడు. 1941 మేలో ఒంటరిగా విమానం నడుపుకుంటూ స్కాట్లండ్‌లో దిగి బ్రిటిష్‌వాళ్లకి పట్టుబడ్డాడు. యుద్ధం అయ్యాక నూరెంబర్గ్ కోర్టులో ఏమడిగినా గుర్తులేదనేవాడు. రకరకాల దేశాల డాక్టర్లు చూసి, పిచ్చి కాదుగానీ జ్ఞాపకం సరిగా లేదన్నారు. 1945 నవంబర్ 30న అతన్ని విచారించవచ్చా లేదా అని లాయర్లు వాదించుకుంటుంటే లేచి, నా మతిమరుపు వ్యూహం కోసం ఆడిన నాటకం, ఇక నుంచి అన్నీ గుర్తుంటాయి అని ప్రకటించాడు. నిపుణులు ఏమయ్యుంటారో ఊహించండి. కథలో మలుపేంటంటే, తర్వాత మళ్లీ మర్చిపోవడం మొదలెట్టాడు. జైల్లో దగ్గరుండి చూసిన సైకాలజిస్టు గిల్బర్ట్, ఈసారి నిజమేనని అనుకున్నాడు. అంటే నటించానని ఒప్పుకున్నవాడు కూడా మొత్తం నటించాడని చెప్పలేం.

ఈ రెండు పెట్టెల్లోనూ పట్టని మూడో రకం ఉంది. రచయిత్రి అగాథా క్రిస్టీ 1926 డిసెంబర్ 3న ఇంట్లోంచి మాయమై, 11 రోజుల తర్వాత హారోగేట్‌లో ఒక హోటల్లో దొరికింది. భర్తకి వేరే అమ్మాయితో సంబంధం ఉంది. ఆ అమ్మాయి ఇంటిపేరుతోనే హోటల్లో దిగింది. జ్ఞాపకం పోయిందన్నారు ఇంట్లోవాళ్లు, పబ్లిసిటీ స్టంట్ అన్నాయి కొన్ని పత్రికలు. ఆవిడ ఆత్మకథలో ఆ పదకొండు రోజుల ఊసే లేదు. మనసుకి తట్టుకోలేని దెబ్బ తగిలితే మనిషి తన పేరు, ఊరు కూడా మర్చిపోవచ్చు. అది తలగాయమూ కాదు, నాటకమూ కాదు. 'నేనెవర్ని' అనే సినిమా సీను నిజ జీవితంలో ఎక్కడైనా ఉంటే ఎక్కువగా ఇలాంటి చోటే ఉంటుంది. తల పగిలిన మా పెదనాన్నకి మత్తు దిగిన రోజే తన పేరు, మా తాత పేరు, సర్వే నంబరు కూడా తెలుసు.

ఈ సంగతి తెలిసే, మా దగ్గరి చుట్టం ఒకాయన, చాలా కోర్టులు చూసినవాడు, సలహా ఇచ్చాడు. 'పేరు తెలుసు, ఊరు తెలుసు అంటే జడ్జిగారు ఎట్టా నమ్ముతారు? పేరు కూడా గుర్తులేదని చెప్పించండి. కొంచెం ఎక్కువ చేస్తేనే పరిహారం ఎక్కువొస్తుంది.' నాన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. తప్పు పట్టలేను. మందుల ఖర్చు అప్పటికే నాలుగు లక్షలు దాటింది, కౌలు కట్టాలి. మేడమ్ ముందే చెప్పారు, నిజంగా దెబ్బ తగిలినవాళ్లు కూడా నమ్మరేమోనన్న భయంతో కాస్త పెంచి చెప్తుంటారని, ఆ పెంచింది దొరికితే ఉన్న నిజం కూడా కొట్టుకుపోతుందని. అది నేను చుట్టానికి వివరించబోతుంటే పెదనాన్న మంచం మీంచి అన్నాడు: 'పేరు మర్చిపోయానని చెప్పాలన్న సంగతి కోర్టుకెళ్లేదాకా నాకు గుర్తుండొద్దూ?'

ఇల్లంతా నవ్వింది. చుట్టం కూడా నవ్వాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అతకాలంటే జిగురు కావాలి కదా, ఆయన దగ్గర లేనిదే అది.

కోర్టులో మాత్రం నవ్వులాటగా జరగలేదు. కంపెనీ లాయరు అడిగిన వాటిల్లో ఒక్క ప్రశ్న గట్టిది. 'యాక్సిడెంట్‌కి ముందు రెండు వారాలు గుర్తులేవన్నావు. మరి ఫిబ్రవరి 6న రెండు లక్షలు తీసుకున్నట్టు ఊళ్లో నువ్వే చెప్తున్నావట?' నిజమే. రికార్డింగ్ విన్న దగ్గర్నుంచి పెదనాన్న ఆ అప్పు గురించి చూసినట్టే చెప్తాడు. కొట్టు ముందు బల్ల, రబ్బరు బ్యాండు వేసిన కట్టలు, అన్నీ. బల్ల అక్కడ పాతికేళ్లుగా ఉంది. కట్టలకి రబ్బరు బ్యాండు ఎప్పుడూ ఉండేదే. వినిపించిన కాల్‌కి మెదడు పాత బొమ్మలు అతికించి కొత్త సీను తయారుచేసింది. అబద్ధం చెప్పాలని కాదు, మెదడు పనే అది, మీదీ నాదీ కూడా.

ఇదే సంగతి మేడమ్ ముందే పట్టుకున్నారు. ఆ పూట ఆయన అప్పు గురించి చెప్తుంటే ఆపి, 'అది మీకు గుర్తుందా, లేక తెలుసా?' అని అడిగారు. ఎండెల్ టల్వింగ్ అనే కెనడా శాస్త్రవేత్త 1985లో ఈ తేడా మీద పేపరు రాశాడట. మనకైతే పేపరు అక్కర్లేదు, తెలుగులోనే రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. మీరు పుట్టిన తేదీ మీకు తెలుసు, గుర్తులేదు. పెదనాన్న చాలాసేపు ఆలోచించి, ఈసారి పెద్దమ్మ వైపు చూడకుండా, 'తెలుసమ్మా. గుర్తులేదు' అన్నాడు. ఆ ప్రశ్నా జవాబూ రిపోర్టులో ఉన్నాయి. మా లాయరు అదే పేజీ తీసి చూపించాడు. జడ్జిగారు రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తీర్పు వచ్చాక తెలుస్తుంది. వాయిదా ఇంకా ఉంది.

రిపోర్టు కూడా అన్నీ తేల్చలేదు. మనిషి పరీక్షల్లో మనసు పెట్టి చేశాడు, కొత్త విషయాలు నిలవట్లేదు, గాయానికి ఇది సరిపోతుంది అని మాత్రమే అంది. ఫలానా రోజు ఫలానా డబ్బు నిజంగా గుర్తులేదా అంటే ఏ పరీక్షా చెప్పలేదు. రికార్డింగ్ లేకపోయుంటే కొట్టాయన ఏం చేసేవాడో, ఊరు ఏమనేదో.

నెలకి పదివేలు ఇప్పుడు పెదనాన్నే వెళ్లి ఇచ్చొస్తాడు, నాన్న ఎంత చెప్పినా ఫోన్‌పే చేయనివ్వడు. ఇచ్చిన ప్రతిసారీ నోట్‌బుక్కులో రాయించుకుంటాడు, ఆ బుక్కు ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. రెండ్రోజులాగి మళ్లీ డబ్బు పట్టుకుని వెళ్తాడు, 'ఈ నెలది ఇచ్చానా బావా?' అని. మొన్న మార్చిలో అలా మూడుసార్లు వెళ్లాడట. మూడుసార్లూ కొట్టాయన 'ఇచ్చావు బావా, కూర్చో' అని టీ తెప్పించి పంపాడు.